పాఠం 17: ఊడిన పంటికి బదులు – దంత ఇంప్లాంట్లు

17.0 పరిచయం

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. నోరు మూసుకుని, నాలుక కొనతో మీ పళ్ళను ఒక్కొక్కటిగా తాకుతూ లెక్కపెట్టండి. పై దవడలో ఎన్ని ఉన్నాయో, కింది దవడలో ఎన్ని ఉన్నాయో నోటుపుస్తకంలో రాసుకోండి. జ్ఞానదంతాలు నాలుగూ వచ్చి ఉంటే మొత్తం 32, అవి రాకపోతే 28 ఉండాలి. మీ లెక్క 28 కంటే తక్కువ వస్తే ఏ పన్ను లేదో, అది పోయి ఎన్నేళ్ళయిందో కూడా పక్కనే రాయండి. ఈ కాగితంతో మనకు మళ్ళీ పని ఉంది.

పెద్దవాళ్ళలో చాలామంది లెక్కలో ఒకటో రెండో తక్కువే వస్తాయి. ముందు పన్ను పోతే పెళ్ళిచూపులు దగ్గరపడుతున్నాయనో, నలుగురిలో నవ్వలేకపోతున్నామనో డాక్టరు దగ్గరకు పరుగెత్తుతాం. దవడపన్ను పోతే మాత్రం "వెనక పన్నేగా, ఎవరికి కనిపిస్తుంది?" అనుకుని రెండో వైపు నమలడం అలవాటు చేసుకుంటాం. నిజానికి నమిలే బరువంతా మోసేది ఆ వెనక పళ్ళే. పైగా పన్ను తీసిన రోజుతో నష్టం ఆగిపోదు. ఆ రోజు నుంచి దవడ ఎముకలో ఒక మార్పు మొదలవుతుంది. ఈ పాఠమంతా ఆ ఎముక చుట్టూనే తిరుగుతుంది.

ఈ పాఠం చదివిన తరువాత మీరు, పన్ను పోయిన చోట ఎముక ఎందుకు తరిగిపోతుందో వివరించగలుగుతారు. ఇంప్లాంట్ ఎముకతో ఎలా కలిసిపోతుందో చెప్పగలుగుతారు. మీ ఇంట్లో ఎవరికైనా పన్ను కట్టించవలసి వస్తే డాక్టరును ఏమడగాలో, ఎవరు కొంతకాలం ఆగాలో నిర్ణయించుకోగలుగుతారు.

17.1 పన్ను పోయిన చోట ఏం జరుగుతుంది?

గోడలో మేకు దిగినట్టుగా పన్ను ఎముకలో దిగి ఉండదు. పంటి వేరుకూ, దాని చుట్టూ ఉన్న ఎముకకూ నడుమ సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. దాని మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. అంటే ఈ పుస్తకంలోని రెండు కాగితాలను కలిపి పట్టుకుంటే ఎంత మందం ఉంటుందో ఇంచుమించు అంత. ఈ నారలే పన్నును దాని గూటిలో పట్టి ఉంచుతాయి. అన్నంలో చిన్న రాయి తగలగానే దవడ టక్కున ఆగిపోవడం మీ అందరికీ అనుభవమే కదా! ఆ కబురు మెదడుకు చేరవేసే పనిలో ఈ నారల పొరలోని నాడుల కొనలది ముఖ్యమైన పాత్ర.

మనం జొన్నరొట్టె నమిలినా, చెరకు ముక్క కొరికినా ఆ ఒత్తిడి వేరు నుంచి నారలకూ, నారల నుంచి ఎముకకూ అందుతుంది. ఎముక ప్రాణం లేని రాయి కాదు. అందులో పాత భాగం కరుగుతూ, కొత్త భాగం తయారవుతూ ఉంటుంది. ఒత్తిడి అందుతున్నంతకాలం ఈ రాకపోకలు సరితూగుతాయి. పన్ను లేకపోతే ఆ చోటికి ఒత్తిడి అందదు. పట్టించుకునే రైతు లేని పొలంగట్టు వానకు వాన కరిగిపోయినట్టు, పన్నును పట్టి ఉంచడానికే ఏర్పడిన ఆ ఎముక గట్టు కూడా కరగడం మొదలవుతుంది.

ఇది నెమ్మదిగా జరిగే పని అనుకుంటే పొరపాటే. పన్ను తీసిన మొదటి సంవత్సరంలోనే ఎముక గట్టు వెడల్పు దాదాపు సగం వరకు తగ్గిపోవచ్చు. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతుంది. ఆ తరువాత వేగం తగ్గుతుందేగాని పూర్తిగా ఆగదు. పళ్ళన్నీ పోయి ఏళ్ళు గడిచిన మన నాయనమ్మల, అమ్మమ్మల ముఖాలు గుర్తు తెచ్చుకోండి. పెదవులు లోపలికి పోతాయి, గడ్డం ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. బోసినోరు అనగానే మనకు పళ్ళు లేకపోవడమే గుర్తుకు వస్తుంది. ఆ ముఖాన్ని అలా మార్చినదాంట్లో పెద్ద పాలు ఎముకది.

చుట్టుపక్కల పళ్ళు కూడా ఊరుకోవు. ఖాళీ దొరికిన వైపుకు పక్క పన్ను ఒరుగుతుంది. పై దవడలో దానికి ఎదురుగా ఉన్న పన్ను, తగలడానికి కింద ఏమీ లేక, కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది. ఒరిగిన పళ్ళ సందుల్లో తిండి ఇరుక్కుంటుంది. అక్కడ పాచి చేరి, గార కట్టి, మరో పన్ను పుచ్చుతుంది. ఇలా ఒక పన్ను పోవడం మరో పన్ను పోవడానికి దారి తీస్తుంది.

ఇప్పుడు మీ కాగితం తీయండి. లేని పంటికి ఎదురుగా ఉన్న పన్ను, దాని పక్క పళ్ళకంటే పొడుగ్గా కనిపిస్తున్నదా? అద్దం ముందు నిలబడి చూడండి.

17.2 రెండు పాత మార్గాలు

మొదటిది తీసి పెట్టుకునే కట్టుడుపళ్ళు. ఇవి చిగురు మీద కూర్చుంటాయి. ఖర్చు తక్కువ, కోత ఉండదు. కాని చిగురు కింది ఎముక తరుగుతున్నకొద్దీ ఇవి వదులవుతాయి. కింది దవడ కట్టుడుపళ్ళు మరీ ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే నాలుక కదిలినప్పుడల్లా వాటిని నెడుతూ ఉంటుంది. మాట్లాడుతుంటే పళ్ళు జారిపోతాయేమోనని నలుగురిలో నోరు విప్పని పెద్దవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు.

రెండోది బ్రిడ్జి, అంటే వంతెన. ఖాళీకి అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళను అరగదీసి, వాటి మీద తొడుగులు వేసి, నడుమ కృత్రిమ పన్నును నిలుపుతారు. ఇది కదలదు, పని కొద్ది వారాల్లో పూర్తవుతుంది. చిక్కేమిటంటే ఆ రెండు పళ్ళు ఏ జబ్బూ లేనివైనా సరే అరగదీయవలసిందే. వాటికి ముందే పెద్ద పూతలో, తొడుగులో ఉంటే బ్రిడ్జి మంచి మార్గమే. లేనిపక్షంలో ఒక పంటి కోసం రెండు పళ్ళను బలిపెట్టడం ఎంతవరకు సబబో ఆలోచించాలి. ఈ రెండు మార్గాలలో దేనివల్లా, ఖాళీ కింది ఎముక తరగడం ఆగదు.

ఇక్కడే మరొక మాట చెప్పాలి. సంతల్లోనూ, బస్టాండ్ల దగ్గరా రోడ్డు పక్కన కూర్చుని పళ్ళు కట్టేవాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళు ప్లాస్టిక్ ముద్దను పక్క పళ్ళకు అంటించి, తీగతో బిగించి పన్ను నిలుపుతారు. అది కదలకుండా ఉంటుంది కాబట్టి బాగుందనిపిస్తుంది. దాని కింద శుభ్రం చేసే వీలే ఉండదు. కొన్నాళ్ళకు ఆ తీగ కట్టిన మంచి పళ్ళూ వదులైపోతాయి. దంతవైద్యం ఎవరు చేయవచ్చో నిర్ణయిస్తూ మన దేశంలో 1948లోనే దంతవైద్యుల చట్టం వచ్చింది. మీ నోట్లో చేయి పెట్టేవారికి బి.డి.ఎస్. పట్టా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న నమోదు సంఖ్య ఉన్నాయా అని అడగడం మీ హక్కు.

పాఠగత ప్రశ్నలు 17.1
1. పన్నుకూ ఎముకకూ నడుమ ఉన్న నారల పొర చేసే రెండు పనులు రాయండి.
2. కట్టుడుపళ్ళు కొన్నేళ్ళకు ఎందుకు వదులవుతాయి?

17.3 కుందేలు కాలిలో దొరికిన జవాబు

ఊడిన పంటి స్థానంలో ఏదో ఒకటి నాటాలన్న ఆలోచన కొత్తది కాదు. మధ్య అమెరికాలోని హోండురాస్‌లో 1931లో జరిగిన తవ్వకాల్లో ఒక దవడ ముక్క దొరికింది. అందులో కింది ముందు పళ్ళ చోట పళ్ళ ఆకారంలో చెక్కిన ఆల్చిప్ప ముక్కలు మూడు ఉన్నాయి. అది సుమారు క్రీ.శ. 600 నాటి మాయా నాగరికతకు చెందినది. ఆ తరువాతి కాలంలో బంగారం, ప్లాటినం వంటి లోహాలతో ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. వాటిలో ఎక్కువ భాగం కొద్దికాలానికే వదులై ఊడివచ్చాయి. శరీరం పరాయి వస్తువు చుట్టూ మెత్తని పొర కట్టి దాన్ని వేరు చేయడమే ఇందుకు కారణం. కాలిలో ముల్లు విరిగితే దాని చుట్టూ గట్టిపడటం మీరు చూశారు కదా, ఇదీ అలాంటిదే.

జవాబు దంతవైద్యుల దగ్గర దొరకలేదు. స్వీడన్‌కు చెందిన పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తుందో పరిశోధిస్తున్నారు. 1952లో ఆయన లుండ్ నగరంలో కుందేలు కాలి ఎముకలో టైటానియం లోహంతో చేసిన చిన్న గొట్టాన్ని అమర్చి, దాని గుండా సూక్ష్మదర్శినితో చూశారు. ప్రయోగం ముగిశాక ఖరీదైన ఆ పరికరాన్ని తిరిగి తీసుకోబోతే అది రాలేదు. ఎముక దాని చుట్టూ పెరిగి, లోహాన్ని అంటిపెట్టుకుపోయింది. పని చెడింది అని విసుక్కుని వదిలేయవలసిన సందర్భమే అది. ఆయన వదలలేదు. తీయడానికి రానిది నిలపడానికి పనికి వస్తుంది కదా అన్నదే అక్కడి నుంచి ఆయన పరిశోధన అయింది.

టైటానియం ఎందుకు అలా కలిసిపోతుంది? గాలి తగిలిన వెంటనే ఈ లోహం పైన అతి పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. శరీర ద్రవాలు దాన్ని తినలేవు. శరీరం దాన్ని శత్రువుగా చూడదు. అందుకని ఎముక కణాలు నడుమ మెత్తని పొర లేకుండా నేరుగా దాని దాకా పెరుగుతాయి. దీనిని ఆసియోఇంటిగ్రేషన్ అంటారు. ఎముకతో ఏకమవడం అని మనం చెప్పుకోవచ్చు.

1965లో గోథెన్‌బర్గ్ నగరంలో గోస్టా లార్సన్ అనే వ్యక్తికి బ్రోనెమార్క్ మొదటిసారిగా ఇలాంటి మరలు అమర్చారు. లార్సన్ పుట్టుకతోనే దవడ లోపం ఉన్నవాడు, కింది దవడలో పళ్ళు లేవు. ఆయన 2006లో మరణించేవరకు, అంటే నలభై ఏళ్ళకు పైగా, ఆ ఇంప్లాంట్లు పనిచేశాయి. అయినా దంతవైద్య లోకం వెంటనే నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సమావేశం తరువాతే ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

17.4 ఇంప్లాంట్ ఎలా అమరుస్తారు?

ఇంప్లాంట్‌లో మూడు భాగాలు ఉంటాయి. ఎముకలో దిగే మర పంటి వేరుకు బదులు పనిచేస్తుంది. దాని మీద బిగించే చిన్న స్తంభాన్ని అబట్‌మెంట్ అంటారు. ఆ పైన పింగాణీతోనో మరొక పదార్థంతోనో చేసిన తొడుగు ఉంటుంది. బయటికి కనిపించేది ఈ తొడుగే. మర సాధారణంగా 3.5 నుంచి 5 మిల్లీమీటర్ల వ్యాసం, 8 నుంచి 13 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అంత మరకు చుట్టూ తగినంత ఎముక ఉండాలి. మొదటి ఏడాదిలో కరిగిపోయే ఎముక గురించి అంత వివరంగా ఎందుకు చెప్పుకున్నామో ఇప్పుడు తెలిసింది కదా!

ముందుగా ఎక్స్‌రే, అవసరమైతే త్రీడీ స్కాన్ తీస్తారు. ఇది ఊరికే బిల్లు పెంచడానికి కాదు. కింది దవడలో పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నాడి ఎముక లోపలి నుంచి పోతుంది. మర దాన్ని తాకితే పెదవి మొద్దుబారిపోతుంది, ఆ మొద్దు ఒక్కోసారి జీవితాంతం ఉండిపోవచ్చు. పై దవడలో వెనక పళ్ళ మీద గాలి నిండిన సైనస్ గది ఉంటుంది. అక్కడ ఎముక పలుచన.

తరువాత చిగురుకు మత్తు సూది ఇచ్చి, ఎముకలో రంధ్రం చేస్తారు. ఇక్కడ మెల్లగా, సెలైన్ నీరు చిమ్ముతూ చేయడం చాలా ముఖ్యం. ఎముక కణాలు వేడికి తట్టుకోలేవు. 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, అవి దెబ్బతింటాయి. మన ఒంటి వేడి 37 డిగ్రీలు కదా, నడుమ ఉన్న తేడా పది డిగ్రీలే. వేడికి చచ్చిన ఎముక మరను పట్టుకోదు.

మర బిగించాక వేచి ఉండాలి. మొదట్లో కింది దవడకు మూడు నెలలు, ఎముక మెత్తగా ఉండే పై దవడకు ఆరు నెలలు ఆగేవారు. ఇప్పుడు మర ఉపరితలంలో వచ్చిన మార్పుల వల్ల ఈ గడువు చాలామందిలో తగ్గింది. ఎముక గట్టిగా ఉన్న కొందరికి అదే రోజు తాత్కాలికంగా పన్ను పెట్టడమూ ఉంది. అయితే "ఒక్క రోజులో పళ్ళు" అన్న ప్రకటన చూసి అది తమకూ వర్తిస్తుందని అందరూ అనుకోరాదు. ఎముక తొందరపడదు. ఏకమవుతున్న దశలో మర ఏమాత్రం కదిలినా ఎముకకు బదులు మెత్తని పొర పెరుగుతుంది, మొత్తం పని మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ పాఠం రాస్తున్న నాకూ ఈ విషయంలో కొంత అనుభవం ఉంది. కింది దవడపన్ను ఒకటి తీయించుకుని, పిల్లల ఫీజులనీ, బదిలీ అనీ ఆరేళ్ళు గడిపేశాను. తీరా వెళ్ళేసరికి గట్టు కత్తి అంచులా సన్నబడింది. ముందు ఎముక పొడి వేసి గట్టు పెంచి, ఆరు నెలలాగి, అప్పుడు మర వేయాలన్నారు. ఖర్చు దాదాపు రెట్టింపయింది. పన్ను తీసిన రోజున ఆ డాక్టరు నాకు ఎముక సంగతి ఒక్క మాట కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు. మీరు అడగండి. వెంటనే ఇంప్లాంట్ పెట్టించుకునే స్తోమత లేకపోయినా, పన్ను తీసేటప్పుడే గూటిని కాపాడే పద్ధతులు ఉన్నాయి.

17.5 ఎవరు ఆగాలి?

పొగాకు గురించి ముందుగా చెప్పాలి. పొగ తాగేవారిలో ఇంప్లాంట్లు విఫలమయ్యే అవకాశం తాగనివారి కంటే సుమారు రెండింతలు. పొగాకు చిగురుకు రక్తం అందే సన్నని నాళాలను కుదించేస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంత గ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అలవాటు ఉంది. దీన్ని అడ్డపొగ అంటారు. ఇది అంగిలిని నేరుగా కాలుస్తుంది, క్యాన్సర్‌కు దారితీస్తుంది. అలాంటివారికి పంటికంటే ముందు అంగిలి పరీక్ష కావాలి.

చక్కెర వ్యాధి ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్ కూడదని కాదు. చక్కెర అదుపులో ఉండాలి. గత రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్.బి.ఏ.వన్.సి. పరీక్ష ఫలితం వెంట తీసుకువెళ్ళండి. ఎముకలు గుల్లబారకుండా మందులు వాడేవారు, తలకూ మెడకూ రేడియేషన్ చికిత్స జరిగినవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. డాక్టరు అడగలేదని ఊరుకోవద్దు.

చిగుళ్ళ నుంచి రక్తం, చీము వస్తుంటే ముందు దానికి చికిత్స జరగాలి. చెరువులో మురుగు ఉండగా కొత్త చేపను వదిలి లాభం లేదు.

17.6 పెట్టించుకున్న తరువాత

ఇంప్లాంట్ పుచ్చదు. ఈ మాట విని చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. కాని దాని చుట్టూ ఉన్న చిగురుకూ, ఎముకకూ జబ్బు రావచ్చు. పాచి చేరితే చిగురు వాచి, లోపల ఎముక కరుగుతుంది. దీన్ని పెరి ఇంప్లాంటైటిస్ అంటారు. అసలు పన్నులా నారలు లేవు కాబట్టి ఇంప్లాంట్ నొప్పితో ముందుగా హెచ్చరించదు. కదిలిందని తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. అందుకని రోజుకు రెండుసార్లు మెత్తని బ్రష్‌తో తోమడం, సందుల్లో దారంతోనో చిన్న బ్రష్‌తోనో శుభ్రం చేయడం, డాక్టరు చెప్పిన గడువుకు చూపించుకోవడం తప్పదు. బాగా అమర్చి, బాగా చూసుకుంటే పదేళ్ళ తరువాత కూడా నూటికి తొంభైకి పైగా ఇంప్లాంట్లు నిలిచి ఉంటాయి.

ఒక్కో ఇంప్లాంట్‌కు పదుల వేల రూపాయలు అవుతుంది. ప్రభుత్వ దంత కళాశాలల్లోనూ, ఇతర దంత కళాశాలల్లోనూ బయటికంటే తక్కువకు చేసే అవకాశం ఉంటుంది కాబట్టి ముందు అక్కడ విచారించండి. ఎక్కడ చేయించుకున్నా మరకు, అబట్‌మెంట్‌కు, తొడుగుకు విడివిడిగా ఎంతో కాగితం మీద రాయించుకోండి. మర ఏ కంపెనీదో, దాని కొలతలేమిటో తెలిపే కార్డు అడిగి తీసుకుని దాచుకోండి. పదేళ్ళ తరువాత మరో ఊళ్ళో అబట్‌మెంట్ వదులైతే, సరిపోయే పనిముట్టు ఏదో అక్కడి డాక్టరుకు తెలిసేది ఆ కార్డు వల్లనే.

పాఠగత ప్రశ్నలు 17.2
కింది ముగ్గురికి మీరైతే ఏం సలహా ఇస్తారు? జవాబులు చూడకముందే కారణంతో సహా రాయండి.
1. నలభై ఐదేళ్ళ ఆటో డ్రైవరు. గుట్కా నములుతాడు, చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది. రెండు దవడపళ్ళు పోయాయి. ఇంప్లాంట్ కోసం అప్పు తెచ్చుకున్నాడు.
2. అరవై ఎనిమిదేళ్ళ అమ్మమ్మ. పళ్ళన్నీ పోయి పన్నెండేళ్ళు. కింది కట్టుడుపళ్ళు నిలవక మెత్తని అన్నమే తింటున్నది.
3. పదిహేనేళ్ళ అబ్బాయి. ఇరవై నిమిషాల క్రితం కబడ్డీ ఆడుతూ పడి, ముందు పన్ను వేరుతో సహా ఊడింది. పన్ను మట్టిలో దొరికింది.

సరిచూసుకోండి

17.1
1. పన్నును గూటిలో పట్టి ఉంచడం, నమిలే ఒత్తిడిని ఎముకకు అందించడం. (తగిలినదాన్ని మెదడుకు తెలియజేయడం అని రాసినా సరైనదే.)
2. అవి ఆనుకునే ఎముక గట్టు ఏటేటా తరిగిపోవడం వల్ల.

17.2
1. ఇప్పుడే ఇంప్లాంట్ వద్దు. గుట్కా మాని, చిగుళ్ళకు చికిత్స చేయించుకోవాలి. బుగ్గల లోపల తెల్లమచ్చలు ఉన్నాయేమో, నోరు పూర్తిగా తెరుచుకుంటున్నదో లేదో పరీక్ష చేయించాలి. తెచ్చిన అప్పు తిరిగి ఇచ్చేయడం మంచిది. ప్రస్తుతానికి తీసి పెట్టుకునే పళ్ళు చాలు.
2. మొత్తం పళ్ళన్నిటికీ ఇంప్లాంట్లు అవసరం లేదు. కింది దవడ ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు వేసి, కట్టుడుపళ్ళను వాటికి గుండీలా తగిలించవచ్చు. వెనక భాగంలో కంటే ముందు భాగంలో సాధారణంగా ఎముక మిగిలే ఉంటుంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, పళ్ళు లేని కింది దవడకు మొదట ఆలోచించవలసిన మార్గం ఇదేనన్నారు. ఆమెకు చక్కెర, రక్తపోటు ఎలా ఉన్నాయో ముందు చూపించాలి.
3. ఇంప్లాంట్ మాట ఇప్పుడు వద్దు. ఎదిగే వయసులో దవడా, పక్క పళ్ళూ ఎదుగుతుంటే ఇంప్లాంట్ మాత్రం ఉన్నచోటే ఉండిపోయి, కురచగా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగేవరకు ఇంప్లాంట్ వేయరు. పైగా ఆ అబ్బాయి సొంత పన్నే చేతిలో ఉంది. దాన్ని వేరు వైపు కాకుండా తెల్లని భాగం దగ్గర పట్టుకోవాలి. మట్టి ఉంటే పాలతోనో, చల్లని మంచినీటితోనో కొన్ని క్షణాలు కడగాలి, రుద్దకూడదు. అబ్బాయి స్పృహలో ఉండి సహకరిస్తే అక్కడికక్కడే గూటిలో పెట్టి, శుభ్రమైన గుడ్డను మెల్లగా కొరికి పట్టుకోమనాలి. వీలుకాకపోతే పన్నును గ్లాసెడు చల్లని పాలలో వేసి గంటలోపు దంతవైద్యుని దగ్గరకు చేర్చాలి. ఇరవై నిమిషాలు ఇప్పటికే గడిచాయి.